మొక్కలు నాటమన్నారు, నేను గడ్డి కోయొద్దన్నాను

2023 జులై ఆఖర్లో, వారం నుంచి వాన తెరిపివ్వకుండా కురుస్తున్న రోజుల్లో, హెచ్‌ఓడీ సర్ నన్ను గదికి పిలిచి "వచ్చే ఎండాకాలానికి నాక్ వాళ్ళు వస్తారట మేడం, ఏడో క్రైటీరియన్‌లో పర్యావరణం ఉంది కదా, మన డిపార్ట్‌మెంట్ తరఫున అది మీరు చూసుకోండి" అన్నారు. నాక్ అంటే యూనివర్సిటీల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే సంస్థ, వాళ్ళు చూసే అంశాల్లో ఏడోది ఈ ఏడో క్రైటీరియన్. నేను కెమిస్ట్రీలో కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. హైదరాబాద్‌లోనే ఒక యూనివర్సిటీ, పేరు అక్కర్లేదు. పర్మనెంట్ వాళ్ళు వద్దన్న పనులన్నీ కాంట్రాక్ట్ వాళ్ళ ఒళ్ళోనే పడతాయి కాబట్టి ఆశ్చర్యమేం వేయలేదు. "అంటే ఏం చేయాలి సర్?" అన్నాను. "మొక్కలు నాటించండి, ఫోటోలు తీయించండి, ఫైల్ పెట్టండి. అంతే."

నేనూ అంతే అనుకునే మొదలుపెట్టాను. ఇలాంటి పని ఇంకెవరి నెత్తినైనా పడితే పనికొస్తుందేమోనని జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ఆగస్టు 3న 60 మొక్కలు నాటాం. నర్సరీ వాళ్ళు ఏమిస్తే అవి, కానుగ, గుల్‌మొహర్, బాదం, కొన్ని గన్నేరు. బ్యానర్ కట్టాం, వీసీ సర్ వచ్చి మొదటి మొక్కకి మట్టి వేశారు, స్కాలర్లు వరసగా నిలబడ్డారు, ఫోటోగ్రాఫర్ "సర్, పార కొంచెం ఇటు తిప్పండి" అన్నాడు. గుంతలు తవ్వేటప్పుడే మా మాలి పెద్దాయన మొహం అదోలా పెట్టాడు. మా బిల్డింగ్ వెనక స్థలం అర ఎకరం ఉంటుందేమో, అందులో సగం గుండ్లే. మన ఊరి నేల సంగతి తెలిసిందే కదా, పైన జానెడు మొరం, కింద గ్రానైట్. గునపం వేస్తే ఠంగుమంటోంది. అడుగు లోతు కూడా దిగని గుంతల్లో మొక్కలు పెట్టి చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత వాన ఆగిపోయింది. మామూలుగా ఆగడం కాదు, దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కలున్నంతలో అంత పొడి ఆగస్టు లేదు. మేము సరిగ్గా ఆ నెల చూసుకుని నాటాం! నీళ్ళు పోయడానికి డ్యూటీ చార్ట్ వేశాను. మొదటి వారం ఎనిమిది మంది వచ్చారు, రెండో వారం ముగ్గురు, మూడో వారం నేనూ మాలి పెద్దాయనా. వినాయక చవితికి సగం ఎండిపోయాయి, మరుసటి ఉగాదికి లెక్కపెడితే 11 మిగిలాయి. ఫోటోలో మాత్రం అరవైకి అరవై పచ్చగా ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.

ఒకరోజు బకెట్ పట్టుకుని చెమటలు కక్కుతుంటే పెద్దాయన నన్ను గుండ్ల వెనక్కి తీసుకెళ్ళాడు. "నాటిన చెట్టుకు నీళ్ళు గావాలె బిడ్డా, మొలిసినదానికి కత్తి రాకపోతే సాలు" అని, రాళ్ళ సందుల్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే చూపించాడు. నడుమెత్తు వేపలు మూడు. రేగు. బలుసు. తంగేడు గుబురు ఒకటి. సీతాఫలం చెట్లు ఐదో ఆరో. అవెవరు నాటారంటే నవ్వి, "మీ పిలగాండ్లే, తిని గింజలు ఊంచిన్రు గదా" అన్నాడు. ఆ ఆగస్టులో చుక్క నీళ్ళు పోయకపోయినా వాటిలో ఒక్క ఆకు వాడలేదు. ఆరేళ్ళుగా ఆ బిల్డింగ్‌లో పనిచేస్తున్నాను, ఆ గుండ్ల వెనక్కి నేను వెళ్ళడం అదే మొదటిసారి, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

సెప్టెంబర్‌లో వానలు మళ్ళీ పట్టుకున్నాయి. వెనకంతా మోకాలెత్తు గడ్డి లేచింది. ఏటా దసరాకి ముందు ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్ళు గడ్డి కోసే మిషన్ పట్టుకుని వచ్చి మొత్తం గుండు గీసినట్టు గీసి వెళ్తారు, పాములొస్తాయని. ఆ రోజు మిషన్ స్టార్ట్ చేసే శబ్దం విని బయటికి వచ్చేసరికి మా స్వీపర్ అమ్మ వాళ్ళకి అడ్డంగా నిలబడి ఉంది. నన్ను చూసి "ఏంది మేడం, గిదంత కోపిస్తున్రా? గిది గడ్డి గాదు, గునుగు. ఇంకో ఇరవై రోజులాగితే బతుకమ్మకు అక్కరకొస్తది. బయట కొనాల్నంటే పిడికెడు కట్టకు ఎంతంటున్నరో ఎర్కేనా?" అంది. చూస్తే నిజమే. ఆ మోకాలెత్తు పచ్చదనంలో సగం గునుగే, అప్పుడప్పుడే కంకులు తెల్లగా, కొసలు గులాబీ రంగులో వస్తున్నాయి. పక్కన తంగేడు మొగ్గ తొడిగి ఉంది. తంగేడు మన రాష్ట్ర పుష్పం, మా ఫైల్‌లో ఆ వాక్యం కూడా ఉంది, అయినా ఏటా పూతకి ముందే కోసేస్తున్నాం.

మిషన్ వాళ్ళు పాపం వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు, "మాకు పైనుంచి ఆర్డర్ మేడం" అన్నారు. సరే పైనుంచే తెద్దామని ఆ మధ్యాహ్నమే నోట్ ఫైల్ పెట్టాను. హెచ్‌ఓడీ సర్‌కి అస్సలు నచ్చలేదు. "వెనకంతా పొదలు పెరిగితే చూడ్డానికి ఏం బాగుంటుంది, రేపు పాము కరిస్తే ఎవరిది బాధ్యత?" ఆయన భయంలో న్యాయం ఉంది, కొట్టిపారేయలేను. అందుకని బేరం పెట్టాను. గోడల చుట్టూ పది అడుగులు, నడిచే దారికి మూడడుగులు శుభ్రంగా కోసేయండి, మిగతాది దీపావళి దాటి గింజ రాలాక కోయండి అన్నాను. నాలుగు రోజులు ఫైల్ మూడు బల్లల మీద తిరిగి సంతకంతో వచ్చింది. అక్టోబర్ 14న ఎంగిలిపూల బతుకమ్మ నాడు మా ఆఫీస్ ఆడవాళ్ళంతా పేర్చిన బతుకమ్మలో బంతిపూలు తప్ప అన్నీ మా వెనకవే.

ఏదీ కోయొద్దని పట్టుపట్టడం కూడా తప్పేనని వెంటనే తెలిసొచ్చింది. గునుగు పక్కనే వయ్యారిభామ కూడా ఏపుగా లేచింది. అది పూత రాకముందే వేర్లతో పీకకపోతే మరుసటేడు గునుగుకి చోటుండదు. నేను హీరోయిన్‌లాగా చేతి తొడుగుల్లేకుండా పీకి, రెండు చేతులూ మోచేతుల దాకా దద్దుర్లతో పది రోజులు క్లాసులు చెప్పాను. కెమిస్ట్రీ లాబ్‌లో గ్లవ్స్ లేకుండా కనిపిస్తే పిల్లల్ని తిట్టేది నేనే!

గోడ పక్కన ఒక జిల్లేడు ఉండేది, బేరంలో అది కోసే పది అడుగుల్లో పడింది, కానీ మాలి పెద్దాయన వదిలేశాడు, ఆంజనేయస్వామికి దండ కోసమట. దాని ఆకు తిప్పితే కింద వేలెడు పురుగు, నలుపు తెలుపు గీతలు, మధ్యలో పసుపు చుక్కలు, వీపు మీద మూడు జతల నల్లటి మీసాల్లాంటివి. ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల. ఎమ్మెస్సీ సెకండియర్ పిల్లల్ని క్లాసు మధ్యలోంచి తీసుకొచ్చి చూపించాను. జిల్లేడు పాలలో ఉండేవి కార్డినోలైడ్లు, గుండెని పట్టేసే విషాలు, స్ట్రక్చర్ బోర్డు మీద గీసింది వారం క్రితమే. ఇది దాన్నే తిని, ఒంట్లో దాచుకుని, పిట్టల దగ్గర చేదుగా చలామణీ అయిపోతుంది. అప్పటిదాకా పర్యావరణం అంటే ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళ పని అనుకున్న పిల్లలు ఆ రోజు నుంచి ఫోన్‌లో మొక్కల్నీ పురుగుల్నీ గుర్తుపట్టే ఐనాచురలిస్ట్ యాప్ వేసుకుని కనిపించిన ప్రతి ఆకునీ తిప్పడం మొదలుపెట్టారు. పోస్టర్లు అంటించి నేను సాధించలేనిది ఒక గొంగళిపురుగు సాధించింది.

ఇక నీళ్ళు. అసలు మాది కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్, మేము పర్యావరణానికి చేసే ద్రోహం బయట కాదు, లోపల లాబ్‌లో ఉంది. ఆర్గానిక్ వాళ్ళకి తెలుసు, రిఫ్లక్స్ అంటే సాల్వెంట్‌ని, అంటే రసాయనాల్ని కరిగించే ద్రవాన్ని, గంటల తరబడి మరిగిస్తూ, పైకి లేచే ఆవిరిని కండెన్సర్‌లో చల్లార్చి మళ్ళీ అదే ఫ్లాస్క్‌లోకి దించడం. ఆ కండెన్సర్ చల్లగా ఉండాలంటే కుళాయి నీళ్ళు ఒక పైపులోంచి లోపలికి, ఇంకో పైపులోంచి నేరుగా సింకులోకి. రోజంతా. మంచినీళ్ళు. ఒక స్కాలర్‌ని మగ్గు, స్టాప్‌వాచ్ ఇచ్చి కూర్చోబెట్టాను. లీటర్ మగ్గు నిండడానికి 40 సెకన్లు. అంటే గంటకి 90 లీటర్లు, ఎనిమిది గంటల రిఫ్లక్స్‌కి 720. మా దగ్గర మామూలు రోజున ఏడు సెటప్‌లు నడుస్తాయి. కాలిక్యులేటర్‌లో 5,040 అని చూసి ఇద్దరం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. సిటీలో చిన్న వాటర్ ట్యాంకర్ 5,000 లీటర్లు. అంటే రోజుకో ట్యాంకర్ మా సింకులోకి పోతోంది, ఏప్రిల్ వస్తే అదే డిపార్ట్‌మెంట్ ట్యాంకర్ కోసం ఇండెంట్ పెడుతుంది.

దీనికి విరుగుడు అందరికీ తెలిసిందే, నీటిని చల్లార్చి తిప్పే చిల్లర్ మిషన్. దాని కొటేషన్ చూసి హెచ్‌ఓడీ సర్ ఫైల్ మూసేశారు. ఆయన్ని అనడానికి లేదు, ఆ ఏడు మాకు ఫిల్టర్ పేపర్లకే డబ్బుల్లేవు. చివరికి మా ల్యాబ్ అటెండర్ అన్న చెప్పాడు, "కూలర్ మోటర్ పెట్టరాదు మేడం?" ఇంట్లో ఎండాకాలం కూలర్‌లో నీళ్ళు ఎక్కించే ఆ చిన్న మోటర్. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి తలా 250 పెట్టి ఏడు కొన్నాం, నా జేబులోంచే, బిల్లు ఇప్పటికీ పాస్ కాలేదు. పెద్ద బకెట్‌లో నీళ్ళు, అందులో మోటర్, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన రెండు వాటర్ బాటిళ్ళు, నీళ్ళు కండెన్సర్‌లోకి వెళ్ళి మళ్ళీ బకెట్‌లోకే. మరీ తొందరగా ఎగిరిపోయే ఈథర్ లాంటివాటికి ఇది చాలదు, ఒకసారి బాటిళ్ళు మార్చడం మర్చిపోయి ఫ్లాస్క్‌లో సగం ఈథర్ గాలిలో కలిసింది, గది గది అంతా వాసన, హడలిపోయాం. అందుకని దానికి మాత్రం పాత పద్ధతే ఉంచి, మనిషి పక్కన ఉంటేనే పెట్టాలన్నాం. టాలుయీన్, డీఎంఎఫ్ లాంటి అంత తొందరగా ఎగిరిపోని సాల్వెంట్లకి బ్రహ్మాండంగా పనిచేసింది. పైగా రాత్రిపూట కుళాయి ప్రెషర్ పెరిగి పైపు ఊడి, పొద్దున్నే కింది ఫ్లోర్ ఫిజికల్ కెమిస్ట్రీ వాళ్ళు గొడుగులు పట్టుకుని మా మీదికి రావడం ఆగిపోయింది.

కానీ నెల తిరిగేసరికి బకెట్లలో దోమపిల్లలు. మంచినీళ్ళు, నీడ, మూత లేదు, డెంగ్యూ దోమకి ఇంకేం కావాలి. "జీవవైవిధ్యం పెంచమంటే మేడం దోమల్ని పెంచుతున్నారు" అని స్టాఫ్ రూమ్‌లో ఒక జోకు వారం రోజులు నడిచింది. మూతలకి కన్నాలు పెట్టి పైపులు దూర్చి, శనివారం శనివారం బకెట్లు కడిగే పని పెట్టుకున్నాం. కడిగిన నీళ్ళు మొక్కలకి.

అసలు దెబ్బ ఇంకోటి తగిలింది, అది నేను ఊహించనిది. మా సింకుల నీళ్ళు వెళ్ళే గొట్టం బిల్డింగ్ వెనక ఎప్పుడో పగిలి ఉంది, అక్కడ ఏడాది పొడవునా చిన్న మడుగులా ఉండేది. కప్పలు, తూనీగలు, పొద్దున్నే తోక ఊపుకుంటూ తిరిగే జిట్టంగులు, అన్నీ అక్కడే. మేము కండెన్సర్ నీళ్ళు ఆపిన మూడు వారాలకి ఆ మడుగు ఎండిపోయింది. రోజుకో ట్యాంకర్ ఆదా చేశామని ఫైల్‌లో గర్వంగా రాసుకుంటున్న వారంలోనే ఒక పిల్ల వచ్చి "మేడం, కప్పలు లేవు" అంది. ఏం చెప్పాలో తోచలేదు. మరి పాత పద్ధతికి వెళ్ళిపోదామా అంటే, ఆ గొట్టంలోంచి వచ్చేవి కండెన్సర్ నీళ్ళొకటే కాదు, ఫ్లాస్కులు కడిగిన అసిటోన్, ఎవరూ ఒప్పుకోరు గానీ అప్పుడప్పుడూ డీసీఎం అనే క్లోరిన్ ఉన్న సాల్వెంట్ కూడా. అంటే ఆ కప్పలు ఇన్నాళ్ళూ మా పాపాల్లోనే ఈదాయి.

దాంతో ముందు గొట్టం బాగుచేయించాం, సాల్వెంట్ వేస్ట్‌కి రెండు క్యాన్‌లు పెట్టాం, క్లోరిన్ ఉన్నవి ఒకదాంట్లో, లేనివి ఇంకోదాంట్లో. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల రూల్స్ ప్రకారం అవి 90 రోజులకి మించి మన దగ్గర ఉంచుకోకూడదు, దుండిగల్‌లో ఉన్న శుద్ధి కేంద్రం లాంటి చోటికి పంపాలి. మొదటి లాట్ వెళ్ళడానికి పట్టిన కాయితాల గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేయండి. పిల్లలకి మాత్రం ఒక్కటే చెప్పాను. మీలో సగం మంది రేపు పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల కంపెనీల్లో చేరతారు. అక్కడి నక్కవాగు కంపెనీల మురికితో ఎందుకు ఆ రంగులో పారిందో, ఊళ్ళ వాళ్ళు సుప్రీంకోర్టు దాకా ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో మీకు తెలుసు. సింకులో పోసేయడం అలవాటయ్యేది ఇక్కడే.

మడుగుకి బదులు ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. ఏసీ నీళ్ళు మళ్ళిద్దామనుకున్నాం, వానాకాలంలో బకెట్లు బకెట్లు వస్తాయి గానీ మార్చి ఏప్రిల్‌లో గాలిలో తేమే ఉండదు, కావలసినప్పుడే చుక్క రాదు. అప్పుడు కారిడార్‌లో ఆర్‌వో మిషన్ గుర్తొచ్చింది. లీటర్ తాగే నీళ్ళకి రెండు మూడు లీటర్లు ఊరికే డ్రైనేజీలోకి వదిలేస్తుంది. ఆ పైపుని కిటికీలోంచి వెనక్కి లాగి, పెద్ద మట్టి మూకుడులోకి, అది నిండి పొర్లితే గుండ్ల కింద పల్లంలోకి వచ్చేలా పెట్టాం. మడుగంత కాదు. కప్పలు ఆ ఏడు రాలేదు.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. గాజు సామాను ఆరబెట్టే ఓవెన్లు రాత్రంతా 110 డిగ్రీల మీద ఒక్క బీకర్ కోసం ఆన్‌లో ఉండేవి, పేరు, ఆపాల్సిన టైమ్ రాసి అంటించాలన్నాం, నాలుగు ఓవెన్ల పని రెండింటితో సరిపోయింది. ఏసీ 24 అన్నాను, సీనియర్ సర్లు 18 అన్నారు, ఇప్పటికీ రిమోట్ యుద్ధం నడుస్తూనే ఉంది. పాత కంప్యూటర్ల గది ఖాళీ చేయించడం నా వల్ల కాలేదు. డబ్బా మానిటర్లు ఇరవై పైనే ఉన్నాయి, స్టాక్ రిజిస్టర్‌లోంచి తీసేయాలంటే కండెమ్నేషన్ కమిటీ కూర్చోవాలి, కమిటీలో ఇద్దరు రిటైరయ్యారు.

ఫిబ్రవరిలో ఆకు రాలడం మొదలైంది. ఊడ్చి కుప్పపెట్టి అగ్గిపుల్ల గీయడం మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న రివాజు. చెత్త కాల్చకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల రూల్స్‌లో స్పష్టంగా ఉందని నేను ప్రింటవుట్ తీసుకుని వెళ్తే స్వీపర్ అమ్మ దాన్ని చూడను కూడా చూడలేదు. "కాల్చకుంటే యాడ పెట్టాలె మేడం? ట్రాలీ నాకియ్యలే." అదీ అసలు ప్రశ్న. ఆ కుప్పని గేటు దాకా తట్టలతో మోస్తే ఆమెకి రోజంతా పడుతుంది, కాలిస్తే పది నిమిషాలు. ప్రింటవుట్ మడిచి జేబులో పెట్టుకున్నాను. రెండు చెట్ల మధ్య ఇనుప జాలీ గుండ్రంగా కట్టి, ఆకు అందులో వేయమన్నాం, అంటే ఆమె ఊడ్చేది ఇరవై అడుగులు తగ్గింది. ఆ ఒక్క లెక్కతోనే ఆమె ఒప్పుకుంది. నీళ్ళు చల్లి, అప్పుడప్పుడు పేడనీళ్ళు పోస్తే జూన్ కల్లా అడుగున నల్లగా మట్టి వాసనతో ఎరువు. అందులోకి ఒకసారి జెర్రిపోతు వచ్చింది, హెచ్‌ఓడీ సర్ జోస్యం ఫలించింది. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళకి ఫోన్ చేశాం, వచ్చిన కుర్రాడు నెమ్మదిగా సంచిలోకి తీసుకుని "విషం లేదు మేడం, ఎలకల్ని తింటది" అని మా పిల్లలకి ఐదు నిమిషాలు క్లాసు చెప్పి వెళ్ళాడు.

ఆ ఫిబ్రవరిలోనే 16 నుంచి 19 దాకా క్యాంపస్ బర్డ్ కౌంట్, అంటే క్యాంపస్‌లో పిట్టల లెక్క. ఒకచోట కనీసం పదిహేను నిమిషాలు నిలబడి కనిపించినవి, వినిపించినవి రాసి, పిట్టల లెక్కలు దాచే ఈబర్డ్ సైట్‌లో ఎక్కించడమే. మొదటి రోజు మా పిల్లలకి తెలిసినవి కాకి, పావురం, చిలుక, అంతే. నాలుగో రోజుకి గోరింక, పిగిలిపిట్ట, తేనెపిట్ట, జెముడుకాకి, చెట్టు తొర్రలో పగలే కళ్ళు తెరిచి చూసే పగిడిగంటె అనే చిన్న గుడ్లగూబ, అన్నీ కలిపి 27. ఫైల్‌లో నాకు నచ్చిన పేజీ ఏదైనా ఉంటే అదొక్కటే.

నాక్ వాళ్ళు ఏప్రిల్ మూడో వారంలో వస్తారని తేలింది. ముందు మైదానంలో కార్లు పెట్టే చోట కొత్తగా కంకర పోశారు. ఆ కంకరలో, సరిగ్గా మధ్యలో, తీతువు గుడ్లు పెట్టింది. గూడంటే ఏం లేదు, చిన్న పల్లం, చుట్టూ నాలుగు గులకరాళ్ళు. నాలుగు గుడ్లు, సన్నటి కొసలన్నీ లోపలికి తిప్పి పువ్వులా పేర్చినట్టు, మట్టి రంగు మీద నల్ల మచ్చలు. అడుగు దూరంలో నిలబడి కూడా మూడుసార్లు పోగొట్టుకున్నాను. మనిషి అలికిడైతే చాలు, పసుపు కాళ్ళ మీద పరిగెత్తుకుంటూ వచ్చి నెత్తి మీదుగా ఎగురుతూ ఒకటే అరుపు.

ఆ అరుపుతోనే గొడవంతా. ఆఫీసులో పెద్దవాళ్ళకి అది నచ్చలేదు, తీతువు కూస్తే చావు కబురంటారు కదా. నాక్ టీమ్ రాబోతుంటే అపశకునం, గుడ్లు తీసి పక్కన పెట్టేయండి అన్నారు ఒకాయన, పిహెచ్‌డీ గైడ్ ఆయన. పక్కన పెడితే తల్లి రాదు సర్ అంటే, "మరి కార్లెక్కడ పెడతారు?" హెచ్‌ఓడీ సర్ రెండు రోజులు ఏమీ తేల్చలేదు. మూడో రోజు మిట్ట మధ్యాహ్నం, ఎండ నలభై దాటి ఉంటుంది, ఆయన నా పక్కన కిటికీ దగ్గర నిలబడి ఉండగా ఆ పిట్ట గుడ్ల మీదనుంచి లేచి, బిల్డింగ్ పక్కనుంచి వెనక్కి, మా ఆర్‌వో మూకుడు దగ్గరికి వెళ్ళింది. నీళ్ళల్లో నిలబడి కడుపు అటూ ఇటూ ఊపి, ఈకలన్నీ తడుపుకుని, కారే నీళ్ళతోనే వచ్చి గుడ్ల మీద కూర్చుంది. గుడ్లు ఉడికిపోకుండా చల్లార్చుకుంటోంది. అరగంటలో మూడుసార్లు. సర్ చాలాసేపు చూసి, "ఇది మన రిఫ్లక్స్ లాంటిదే కదమ్మా" అన్నారు. అసలు రిఫ్లక్స్‌తో పోలికే లేదు, నేను సరిదిద్దలేదు. సాయంత్రానికి చుట్టూ ఇటుకలు పేర్చి తాడు కట్టి, "ఇక్కడ పిట్ట గుడ్లు పెట్టింది, బండ్లు పెట్టకండి" అని తెలుగులో బోర్డు పెట్టించారు.

టీమ్ వచ్చిన రోజు మా డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చింది పాతిక నిమిషాలు. పీపీటీ, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. గ్రీన్ ఫైల్ తెరిచి మొక్కలు నాటిన ఫోటో చూసి "వెరీ గుడ్" అన్నారు. ట్యాంకర్ లెక్క ఉన్న పేజీ దాకా రాలేదు. బయటికి నడుస్తుంటే తీతువు పైనుంచి అరుచుకుంటూ ఒక సభ్యుడి తల మీదుగా దూసుకెళ్ళింది, ఆయన ఉలిక్కిపడి "ఏంటిది?" అంటే మా హెచ్‌ఓడీ సర్ తడుముకోకుండా "మా డిపార్ట్‌మెంట్ పిట్ట సర్, మేమే కాపాడుతున్నాం" అన్నారు. నేను అటెండర్ అన్న వైపు చూశాను, ఆయన నేల చూసుకుంటూ నవ్వుతున్నాడు.

ఒక గుడ్డు మధ్యలోనే మాయమైంది, కాకో ముంగిసో. మే మొదట్లో మిగతా మూడూ పిల్లలయ్యాయి. పొద్దున చూస్తే కాళ్ళొచ్చిన దూదిపింజల్లా ఉన్నాయి, సాయంత్రానికి తల్లి వెంట గుండ్లలోకి వెళ్ళిపోయాయి. తాడు తీయడానికి వారం పట్టింది, తీయమని చెప్పడానికి ఎవరికీ మనసు రాక.

2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ జరిగినప్పుడు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమన్న రోజు, మా స్టాఫ్ రూమ్‌లో టీవీ చుట్టూ అందరూ చేరారు. "అవి ఉత్త పొదలే కదా" అని ఒకరంటే, గుడ్లు పక్కన పెట్టమన్న ఆ పిహెచ్‌డీ గైడే "పొదలంటే ఏంటనుకున్నావ్" అని తగులుకున్నారు. ఆయన మారిపోయారని నేననుకోను. ఆ రోజుకి అలా అన్నారు, అంతే.

మొన్న సెప్టెంబర్‌లో నేను మూడు రోజులు సెలవులో ఉన్నాను. ఫైల్‌లో ఉన్న బేరం సంగతి కొత్త సూపర్‌వైజర్‌కి ఎవరూ చెప్పలేదు, మిషన్ దింపేశారు. స్వీపర్ అమ్మ ఆ పూట వేరే బ్లాక్‌లో డ్యూటీ, శబ్దం విని చీపురుతోనే ఉరికి వచ్చేసరికి సగం అయిపోయింది. నేను తిరిగొచ్చి చూస్తే గుండ్లకి ఇటు వైపు గుండు, అటు వైపు గునుగు. జిల్లేడు పోయింది. నా మొహం చూసి ఆమె "వేరు ఉన్నది తియ్యి మేడం, మల్ల లేస్తది" అని, కోసి పడేసిన కుప్పలోంచి కంకి బాగున్న గునుగులన్నీ ఏరి బకెట్ నీళ్ళలో నిలబెట్టి ఉంచింది, మా కూలర్ మోటర్ బకెట్‌లోనే, మూత తీసేసి.